మూగ సినిమాల సూరిబాబు మావయ్య

పులిసిన మినప్పిండి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి చెంప మీదికి పోతుంది. మా అమ్మాయి నవ్వుతుంది. దానికేం తెలుసు, ఆ పిండితో ముఖాన కొట్టించుకునే మా సూరిబాబు మావయ్య నిడదవోలు చుట్టుపక్కల ఎంత పెద్ద స్టారో!

మా అమ్మకి తమ్ముడాయన. తొంభైల్లో మా ఊరి కేబుల్ అతని దగ్గర మైకు చచ్చిపోయిన వీడియో కెమెరా ఒకటుండేది. దాంతోనే మాటల్లేని కామెడీలు తీసి ఆదివారం పొద్దున్నే టీవీల్లో వేసేవాడు. అన్నిట్లో హీరో మావయ్యే, తన్నులు తినేదీ మావయ్యే. ముఖాన ఫెడీమని పిండిముద్ద, నడ్డి మీద చీపురుకట్ట, వీపు మీద అరటిబోదె, చివరికి తలకిందులుగా కాలవలో పడ్డం. చద్దన్నంలో ఆవకాయ కలుపుకుని తింటున్న మేం పొలమారి చచ్చేవాళ్ళం. దెబ్బలు సగం నిజమైనవే. వాచిన వీపుకి ఆముదం రాస్తూ అమ్మ "నీకిదేం ఖర్మరా" అంటే, "జనం నవ్వుతున్నారు కదక్కా" అనేవాడు. అరిచినట్టు నోరు తెరిచేవాడే తప్ప కెమెరా ముందు ఒక్క మాట మాట్లాడేవాడు కాడు. మాట్లాడితే నవ్వు చెడుతుందట.

ఓసారి రైసుమిల్లు యజమాని కుంటినడకని అనుకరించాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ మరుసటి వారం కాలవగట్టున షూటింగు జరుగుతుంటే, నలుగురు మిల్లు మనుషులు సరుగుడు కర్రలతో వచ్చి మావయ్య మీద పడ్డారు. కేబుల్ అతను కెమెరా భుజాన పెట్టుకునే బిగుసుకుపోయాడు. మేమంతా కొత్త సీననుకున్నాం. మోకాలు ఫట్టుమంటే చప్పట్లు కొట్టాం, నెత్తురు కారితే రంగు భలే కుదిరిందనుకున్నాం.

"అమ్మడూ! నాన్నని పిలువే! చంపేత్తన్నారే!"

నాకు తొమ్మిదేళ్ళు, ముందు వరసలో కూర్చున్నాను. లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను.

"మావయ్యా! షూటింగులో మాట్లాడకూడదు!"

గట్టంతా మళ్ళీ ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఇంకో దెబ్బ ఆయన దవడ మీద పడింది. పళ్ళు మట్టిలో రాలాక గానీ ఎవరికీ నవ్వాగలేదు.

దవడ వంకరగానే అతుక్కుంది, మోకాలు అతుక్కోనే లేదు. మళ్ళీ సినిమా తియ్యలేదు. నా పెళ్ళిలో మేనమామ హోదాలో నన్ను గంపలో కూర్చోబెట్టి, ఇంకొకళ్ళ సాయంతో కుంటుకుంటూ మండపానికి మోసుకొచ్చాడు. అలవాటు కొద్దీ జనం కిసుక్కున నవ్వారు.

ఇప్పుడు కేబుల్ ఆఫీసు లేదు, బూజుపట్టిన ఆ క్యాసెట్లూ లేవు, మావయ్య పోయి ఆరేళ్ళయింది. ఆయన మాట్లాడబోతే నోరుమూయించిన దాన్ని, ఛీ, నా నోరు పడిపోను, గంపలో తలొంచుకు కూర్చున్నాను గానీ, నవ్వకండర్రా అని ఆ రోజు ఒక్క మాట అనలేకపోయాను.