చిన్నాన్న పోసిన దిబ్బలు

డెబ్బైల్లో, కాలవలు కట్టేసిన వేసవిలో మా చిన్నాన్నకి ఒకటే పని. గన్నవరం దగ్గర మా మెరక చేలో మోటారు సైకిళ్ళు ఎగిరి దూకడానికి మట్టి దిబ్బలు పోసేవాడు. కాలవలకి నీళ్ళు వదిలి, వరి నాట్లకి చేను దమ్ము చేస్తే అవి బురదలో కలిసిపోయేవి. మళ్ళీ వేసవికి మళ్ళీ పోసేవాడు. ఒక్కో దిబ్బనీ తడిపి, ఉత్త మడమతో కొట్టి చప్పుడు వినేవాడు. గుల్లగా మోగితే తవ్వేసి మళ్ళీ పోయడమే.

ఒక ఏడు బెజవాడ మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు పందేనికి వస్తామని, దిబ్బలు బాగుంటే ఏటా ఇక్కడే పెడతామని అన్నారు. సరిగ్గా పందేనికి ముందురోజు మా తాత నాగలికి ఎడ్లని కట్టించాడు.

"నీ గంతులకి చేను బండబారిపోయిందిరా. కూల్చి దున్ను."

"రేపొక్కరోజు ఆగు నాన్నా."

"పాలేరు దున్నితే నీకు నొప్పి తెలీదు. నువ్వే పట్టు."

చిన్నాన్న పారతో కూల్చి, నాగలి పట్టాడు. గట్టు మీద మా మేనత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు కుర్రాళ్ళు వచ్చి, దున్నిన చేను చూసి, ఇంజన్లయినా ఆపకుండా అడిగారు.

"ఇంకెవరిదైనా దున్నని చేను ఉందాండీ?"

చిన్నాన్న పక్క ఊరి దారి చూపించాడు. వాళ్ళు వెళ్ళిన వైపే చూస్తూ నాతో అన్నాడు.

"దిబ్బలు పోయడానికి నన్ను రమ్మంటారనుకున్నానే అమ్మాయ్."