శబ్దం మారగానే ఆపాలి

మొన్న కరీంనగర్‌లో బౌలింగ్ హాల్ యజమాని ఫోన్ చేసి, బంతుల పైపొర అరగదీసే కొత్త యంత్రం తెప్పించాను, ఒకసారి చూసిపొమ్మంటే వెళ్ళాను. మూత వేస్తేనే తిరుగుతుందట, తీస్తే ఆగుతుందట, లోపల ఏమాత్రం తేడా వచ్చినా ఎర్ర లైటు వెలుగుతుందట. ఆయన ఇంకా ఏవేవో చెప్పుకుపోతున్నాడు గానీ నేను ఆ లైటు దగ్గరే ఆగిపోయాను.

ఆ హాల్ తెరిచిన కొత్తలో ఊరంతా వింతగా చూడటానికి వచ్చిన సంగతి మా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆట అది. బంతులు దొర్లే చెక్క బాటకు నూనె రాస్తారు. ఆ నూనె పీల్చుకుని, గీతలు పడి, బంతికి పట్టు పోతుంది. పైపొర సన్నగా అరగదీస్తే మళ్ళీ పనికొస్తుంది. ఆ పని చేసే విదేశీ యంత్రం ధర విని యజమాని తల పట్టుకుంటే, మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికే నేను, నేను తయారుచేస్తానన్నాను. పదో తరగతి దాటని నాకు అంత ధైర్యం ఇచ్చింది జిల్లా గ్రంథాలయమే. అరగదీత పనుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మూడు నెలలు చదివి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఆ నోటుబుక్కు చంకలో పెట్టుకుని బజార్లో నడిచేటప్పుడు నా నడకే వేరుగా ఉండేది.

తోడుగా మా బావను పిలిచాను. బావంటే మా అక్క భర్త. సిరిసిల్లలో ఇరవై ఏండ్లు మరమగ్గాల మీద బట్ట నేసి, మగ్గాలు ఆగిపోయి, అక్క చేసే బీడీల మీద ఇల్లు గడుస్తుంటే సిగ్గుపడుతూ కూర్చున్న మనిషి. యంత్రం నడిస్తే దాని మీద బావకు నౌకరీ ఇస్తానని యజమాని మాటిచ్చాడు. నాకు అది పుస్తకవిద్య పరీక్ష, బావకు అది బతుకు.

పాత మగ్గాల మోటార్లు మూడు తెచ్చి, ఇనుప చట్రం మీద బిగించి, ఒక్కోదానికి ఒక గిన్నె పెట్టాం. గిన్నెల్లో గరుకు కాగితం అతికించి, వాటి నడుమ బంతిని కూర్చోబెట్టి, నీళ్ళు పోస్తూ తిప్పడమే పని. గీతలు పోవాలంటే బాగా గరుకుండాలి, పెద్ద నంబరు కాగితం కావాలని నేను దుకాణంలో గట్టిగా అడుగుతుంటే బావ పకపకా నవ్వాడు.

"నూలు నంబర్ పెరిగితే దారం సన్నగైతది గదా బామ్మర్దీ! గిది గూడ గంతే. గన్ని బుక్కులు సదివినవు, గిది రాయలేదా అండ్ల?"

బావ మాటే నిజమైంది. ఉడుక్కున్నాను. ఆ ఉడుకుమోత్తనంతోనే కావచ్చు, మర్నాడు నా పుస్తకంలోని సూత్రాలు ఆయనకు పంతులులా అప్పజెప్పాను. అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాసి యంత్రం పైన వేలాడదీశాను: శబ్దం మారగానే ఆపాలి. గిన్నెలో కాగితం ఊడితే ముందు మోత మారుతుంది, తర్వాతే బంతి ఎగురుతుంది. అంతా ఎదురుగా నిలబడి చెప్పాను. బావ నా ముఖంలోకి చూస్తూ ప్రతి మాటకూ తల ఊపాడు.

నాలుగో రోజు పొద్దున నేను నీళ్ళ బకెట్‌తో గుమ్మంలో ఉండగా, గుంయ్‌మనే మోత గరగరలోకి దిగింది. బావ వీపు నావైపు ఉంది. బావా ఆపు, ఆపు అని అరిచాను. మోటార్ల మోతను దాటి నా అరుపు గోడలకు తగిలి నాకే వినిపించింది. బావ మాత్రం, ఎడమ చేత్తో నెమ్మదిగా నీళ్ళు పోస్తూ, కుడి చేయి చట్రం మీద ఆనించుకుని అట్లాగే ఉన్నాడు. ఏడు కిలోల బంతి ఎగిరి ఆ చేతి మీదే పడింది.

దవాఖానాలో డాక్టర్ మాస్కు పెట్టుకుని పేరేమిటని మూడుసార్లు అడిగాడు. బావ ఆయన మాస్కు వైపు చూశాడు, తర్వాత నా పెదాల వైపు చూశాడు. అక్క వచ్చాక, బావకు వినబడదా అని అడిగితే, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీకెర్కలేదా తమ్మీ? మగ్గాల మోతల చెవులు ఎన్నడో పోయినయి. నోరు జూసి మాట వట్టుకుంటడు. చెప్తే నౌకరీ ఇయ్యరని నా మీద ఒట్టు వెట్టిచ్చుకుండు."

తెగిన పోగును కంటికి కనబడనంత వేగంగా ముడేసిన ఆ వేళ్ళలో రెండు మళ్ళీ వంగలేదు. ఇప్పటికీ అంగీ గుండీలు అక్కే పెడుతుంది. ఆ యంత్రాన్ని నేనే విప్పి పాతసామానుకు వేశాను. నోటుబుక్కు మాత్రం పారేయలేకపోయాను.

ఇప్పటి యంత్రాలు వినబడనివాళ్ళకు కూడా అపాయం చెబుతున్నాయి. ఒక్క బల్బుతో అయ్యే పని. మోటార్లు చుట్టేవాణ్ణి, నాకది ఎంతలో పని! ఇంత చదివినవాణ్ణి, వినబడుతుందా బావా అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ అట్టముక్క మీద ఏం రాయాలో తెలిసేది.

నిన్న బావ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, కొత్త యంత్రం గురించి, ఎర్ర లైటు గురించి చెప్పాను. ఆ రోజులాగే నా ముఖంలోకి చూస్తూ తల ఊపాడు. తప్పు నాదే బావా అని కూడా అన్నాను. ఆ మాట అనేటప్పుడు మాత్రం ముఖం గోడవైపు తిప్పుకున్నాను.