గాలి తగలని వేళ్లు

శంషాబాద్‌లో పైలట్ల శిక్షణకు కొత్త యంత్రం వచ్చిందని, మీట లేకుండా ఉత్త గాలిలో నొక్కినా వేలికి తగిలినట్టే ఉంటుందని నాకు మొదట చెప్పింది మా మరిది యాదగిరి. మనిషికి ఇంత తెలివిచ్చిన దేవుడికి దండం పెట్టుకున్నాను.

పాల్మాకుల బస్సులో పక్కనున్న ఆవిడతో అదే అన్నాను. ఆమె అక్కడే పాత మీటలకు సోల్డరింగ్ చేసేదట.

"కొత్తదాని ముందర చెయ్యి పెట్టుమన్నరు అక్కా. అందరికీ వేలికి తగిలినట్టు తెలిసింది, నాకే తెల్వలే. ఇన్నేండ్లు కాలి కాలి వేళ్లు మొద్దుబారినయ్. ఇగ పనికి రావద్దన్నరు."

నేను నమ్మలేదనుకుందేమో, కళ్లు మూసుకొని చెయ్యి చాపింది. "ముట్టు, ఎప్పుడు ముట్టినవో చెప్త."

ఆమె వేలి కొసల మీద నా వేలు ఆనించాను.

"ఇంకా ముట్టవేందక్కా, ముట్టు," అంది నవ్వుతూ.

పేరడగడం మరిచాను. మీరు దండం పెట్టుకునేటప్పుడు ఆమెను తలుచుకోండి.