మాత్ర మింగించిన తప్పెటగుళ్లు

1956. మలయాలో సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోటలో నేను డ్రెస్సర్ని. డ్రెస్సరంటే డాక్టరు లేని చోట డాక్టరన్నమాట. అడవిలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని ఎమర్జెన్సీ పెట్టి, కూలీల ఇళ్లన్నీ ముళ్లకంచె లోపలికి చేర్చారు. ఇరుకు, మురుగు, దోమలు. మలేరియా విరుచుకుపడింది.

రోజూ తెల్లవారుజామున పెరట్టులో, అంటే పనికి ముందు హాజరు పిలిచే చోట, పాలుడ్రిన్ అనే మలేరియా మాత్రలు పంచేవాణ్ణి. అందరూ బుద్ధిగా నోట్లో వేసుకునేవారు. వాళ్లు వెళ్లాక చూస్తే నేలంతా ఉమ్మేసిన మాత్రలే! చేదు ఒకటి, దొరలిచ్చే మందంటే అనుమానం ఒకటి. నాకు ఒళ్లు మండిపోయేది.

అందరికంటే మొండివాడు సన్యాసి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కూలీల తప్పెటగుళ్ల జట్టుకు గురువు. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని ఆయన చరణం పాడితే జట్టంతా వంత అందుకుని ఎగిరి ఆడాలి. ఆయన కోడలు పైడమ్మకు కిందటేడు ఈ జ్వరంలోనే కడుపు పోయింది. మళ్లీ నెల తప్పింది. మామ ఉమ్మితే ఆ పిల్లా ఉమ్మేది.

ఇలా కాదని దోమల మీద నేనే పాట రాసి సన్యాసికి వినిపించాను. ఆయన పగలబడి నవ్వాడు.

"ఏటి డ్రెస్సరు బాబూ, ఇది పాటా, పురాణవా? కాలు లెగదు లా!" అన్నాడు, అక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"నీ కాలు లేవకపోతే పోయింది. రేపు పైడమ్మ లేవకపోతే?" అనేశాను. నోరు జారినందుకు వెంటనే సిగ్గేసింది.

ఆయన నవ్వు ఆపి, నా దగ్గరికి వచ్చాడు. "నాను మింగితే నా కోడలికి బిడ్డ దక్కుద్దా?"

"మాటివ్వలేను. మింగకపోతే మాత్రం భయమే."

"అయితే పాట నాను కడతాను. మందు మీరు సూసుకోండి."

మర్నాడు పెరట్టులో తప్పెట మోగింది. తుపాకీ కాపలావాడు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. సన్యాసి అందరి ముందూ మాత్ర మింగి, నీళ్లు తాగి, గొంతెత్తాడు. వరసలో ఒక్కొక్కరూ మాత్ర వేసుకుని వెంటనే వంత పాడాలి. గురువుకు వంత తప్పడమంటే తలవంపులు. బుగ్గన మాత్ర దాచుకున్నవాడికి పాటెక్కడ పలుకుతుంది? అప్పన్న అనే మొనగాడు "ఓ..." అని దగ్గాడు. ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"మింగరా! నా తాళం సెడగొట్టీసినావు!" అని సన్యాసి కసిరాడు. మింగాడు.

పైడమ్మ వంతు వచ్చింది. గుక్కెడు నీళ్లు తాగి, అందరికంటే గట్టిగా పాడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వారం తర్వాత నేల మీద ఒక్క మాత్ర దొరకలేదు. మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడు పైడమ్మ పండంటి ఆడపిల్లను కంది. ఆ తోటలో నాలుగేళ్లు మాత్రలు పంచినవాణ్ణి నేనే కానీ, మింగించినవాడు సన్యాసి. ఆ తర్వాత ఏ తోటకు బదిలీ అయినా, మందుపెట్టె దించకముందే అడిగేవాణ్ణి: "ఇక్కడ పాట కట్టేవారెవరు?"