చింతపండు గింజల బేరం

గింజ తీయని చింతపండును బండెడు కొన్న మొనగాణ్ణి మా బజారులో నేనొక్కణ్ణే. గింజ కొట్టే కూలి ఎగ్గొట్టి, ఆ పని మేనకోడలి చేత, మేనల్లుడి చేత ఆటలాగా చేయించవచ్చునన్న ఆలోచన ఇంకెవరికైనా వచ్చిందేమో చెప్పమనండి.

అవి చైత్రమాసపు ఎండలు. ఒంటిపూట బడులు. రెండు వీధుల అవతల కాపురముండే మా అక్క పురిటికి వచ్చి, పెద్ద పిల్లలిద్దరితో మా ఇంట్లోనే ఉంది. పసిబిడ్డ రాత్రంతా ఏడ్చి మధ్యాహ్నం నిద్రపోయేది. అక్కకు కన్ను మూసే వీలు ఆ పూటే. సరిగ్గా అప్పుడే బడి వదిలేవారు. బయట ఇసుక పెనంలా కాలుతుంటుంది, పిల్లల్ని పంపలేం. ఇంట్లో ఉంచితే ఎనిమిదేళ్ళ పిల్ల మిద్దె మెట్ల మీద పరుగులు, ఆరేళ్ళవాడు బస్తాల మీద నుంచి దూకుళ్ళు. బిడ్డ ఉలిక్కిపడి లేచేది. అక్క అన్నం కలుపుతూనే తూగుతోంది. ఏదో ఒకటి చెయ్యమని అమ్మ నన్ను బతిమాలింది.

కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. అంత బలం గంతుల్లో వృథా కావడం నేను చూడలేను. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన బండివాడితో పొద్దంతా గీచి గీచి బేరమాడి సరుకు దింపించాను. పెరటి వసారాలో బండరాళ్ళు పరిచి, ఇద్దరికీ చెరొక సుత్తి ఇచ్చాను. పని పూర్తయితే బెల్లం పెడతానన్నాను. ముందే పెడితేగాని సుత్తి పట్టనంది మేనకోడలు. పెట్టాను.

ఠక్కు ఠక్కుమని నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, బిడ్డ గుక్కపట్టింది. చేతుల్లో బిడ్డతో అక్క గుమ్మంలోకి వచ్చింది.

"రేయ్, పిల్లోళ్ళు అల్లరి చేస్తుండారు, కాస్త చూడమంటే సుత్తులిచ్చినావా?"

సుత్తులు లాక్కున్నాను. మేనకోడలు మాత్రం రాలిన గింజొకటి తీసుకుని బండమీద గరగరా రుద్దసాగింది. ఒక పక్క అరిగి తెల్లబడింది. తమ్ముడు దాన్ని చూసి తానూ ఒకటి అందుకున్నాడు. పచ్చీసు ఆటకు పాచికలు కావాలట. నేను మెదలకుండా చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ తల వంచుకుని రుద్దుతూనే ఉన్నారు. రాలిన గింజలన్నీ అయిపోయాయి. మేనల్లుడి కాళ్ళు మళ్ళీ బస్తాల వైపు తిరిగాయి.

"మామా, గింజలియ్యి," అంది మేనకోడలు గుసగుసగా.

"మీరే తీసుకోండి, పండు అక్కడే ఉండాదిగా."

"మాకు పని ఉండాది. నువ్వే తీసియ్యి. లేదంటే వీడు దూకుతాడు."

బిడ్డ మళ్ళీ ఊరుకుంది, లోపల అక్క నిద్రపోతోంది. బేరమాడటానికి నోరు రాలేదు. సుత్తి వాడే వీల్లేదు గనుక గోళ్ళతోనే ఒక్కొక్క గింజా ఊడదీసి వాళ్ళకు అందించాను. ఆ వేళే కాదు, అక్క తన ఇంటికి వెళ్ళేదాకా ప్రతి మధ్యాహ్నమూ నాకదే ఉద్యోగం. పాచికలయ్యాక వామనగుంటలకు గింజలన్నారు, అవి చాలక సరిబేసికి అన్నారు. నేల మీద సున్నంతో గళ్ళు గీసుకుని, గెలిచినా ఓడినా గొంతు పెంచకుండా కొట్లాడుకునేవారు.

ఇక లెక్క. బండిలో నేను తీసింది పావు భాగం, పిల్లలు చప్పరించింది కొంత. మిగిలినదంతా వానలు పడేలోగా అమ్ముకోవాలని కోవూరు వ్యాపారికి కొన్న ధరకంటే తక్కువకే ఇచ్చేశాను. గోళ్ళ సందుల్లో పులుపు ఎక్కి నెల్లాళ్ళు అన్నంలో పచ్చడి కలుపుకోలేకపోయాను. రోజూ దీపాలు పెట్టేవేళ దాకా అక్క నిద్రపోయేది. అది జమ. మిగతాదంతా ఖర్చు.