ఆనపకాయ అని పేరు పెడితే

హరిచందన ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె అత్తగారికి ఈనాటికీ సరిగ్గా తెలియదు. రుషికొండ మీద అద్దాల మేడలో కూర్చుని పొద్దస్తమానం బొమ్మలు చూస్తుందని మాత్రం ఇరుగుపొరుగుకి చెబుతుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కంప్యూటర్ తెర మీద బొమ్మ గీయడానికి లోపల ఒక కార్డు ఉంటుంది, దాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. ఆ కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామ్ పేరు డ్రైవర్. కార్డు ఎంత గొప్పదైనా కానివ్వండి, డ్రైవర్ సరిగ్గా లేకపోతే పని మధ్యలో తెర నల్లబడిపోయి కూర్చుంటుంది. కొత్త డ్రైవర్ జనంలోకి వెళ్ళే ముందు దాన్ని నానా హింసా పెట్టి, ఎక్కడ పడిపోతుందో కనిపెట్టడం హరిచందన పని. ఆ పనిలో ఆమెది మంచి చెయ్యి.

ఆమె ఆఫీసు కాంట్రాక్ట్ తీసుకుని పరీక్ష చేసేది వెలోరా అనే కంపెనీ కార్డులకి. వెలోరాకి బద్ధశత్రువు కోబాన్. ఇది ఒక కార్డు తెస్తే అది వారం తిరక్కుండా ఇంకోటి తెస్తుంది. మాది వేగం అంటే మాది వేగం అని కొట్టుకుంటారు. మీ డ్రైవర్ పడిపోతుందంటే మీ డ్రైవరే పడిపోతుందని వాళ్ళ అభిమానులు కొట్టుకుంటారు. ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల ముందు కుర్రాళ్ళు ఈ విషయం మీద చొక్కాలు పట్టుకున్న రోజులున్నాయి. ఆ కంపెనీల వాళ్ళు వీళ్ళకి కనీసం మంచినీళ్ళైనా ఇచ్చారా అంటే అదీ లేదు.

కుర్రాళ్ళని అని ఏం లాభం, హరిచందన ఇంట్లోనే ఆ యుద్ధం నడుస్తోంది. ఆమె మొగుడు నాగవంశీ స్వయానా మేనమామ కొడుకు. పెందుర్తిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ షాపు అతనిది. పెళ్ళికి తీసిన వీడియోలన్నీ తెచ్చి, కోసి, అతికించి, పాటలు కలిపి ఇస్తాడు. పెళ్ళాం వెలోరా కోసం పని చేస్తుంటే, ఆ మహానుభావుడు షాపులో పెట్టుకున్నది కోబాన్ కార్డు. పెళ్ళైన కొత్తలో మొదలైన వెక్కిరింత ఇప్పటికీ ఆగలేదు.

"మీ వెలోరా ఎట్టుకుంటే సరిగ్గా తాళి కట్టీ టయానికి తెర నల్లబడిపోద్దే. పెల్లికూతురు తల్లి నన్ను సెప్పుచ్చుకు కొడతాది" అంటాడు.

"నీ కోబాన్ మా గొప్పది కాబోలు. ఒక పాట ఎక్కీలోగా నాను వంట సేసి గిన్నెలు తోమీసుకుంటాను బావా" అంటుంది ఆమె.

అలాంటి నాగవంశీ ఈ ఏడు ఎండలు ముదిరే వేళకి కొంచెం మెత్తబడ్డాడు. వెలోరా కొత్త కార్డు వస్తోందనీ, కొత్త డ్రైవర్‌తో కోబాన్‌ని చిత్తు చేసేసిందనీ ముందుగానే గుసగుసలు బయటికొచ్చాయి. ఈ వేగం కొలిచేందుకు లోకమంతా ఒప్పుకున్న పరీక్ష ప్రోగ్రామ్ ఒకటుంది. తెర మీద ఒక రేవు, ఓడలు, అలలు, పొగ కనిపిస్తాయి. వాటిని కార్డు ఎంత చకచకా గీస్తే అన్ని మార్కులు. ఆ మార్కులు చూసి నాగవంశీ ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

"పేపరోడూ ఈడియోలోడూ సెప్పింది నాకక్కర్లేదు. నువ్వు ఓకే అను, ఈపాలి మీదే కొంటాను."

హరిచందనకి ఎంత సంతోషం కలిగిందంటే, ఆ పూట అడక్కుండానే అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. పైగా ఈ డ్రైవర్‌కి ఆఖరి మాట తనదే. అన్నీ చూసి, తన పేరు కింద పాస్ అని పెడితేనే అది బయటికి వెళ్ళాలి.

ఇప్పుడు ఆనపకాయ సంగతి చెప్పాలి. హరిచందనది ఆనందపురం దగ్గర పల్లె. తల్లి చిట్టెమ్మ పండించిన కూరగాయలు రైతుబజారుకి తెచ్చి అమ్ముతుంది. ఆఫీసులో ఒకే కంప్యూటర్ మీద నలుగురైదుగురు పని చేస్తారు. ఒకరి ఫైలు మీద ఇంకొకరు కొత్తది పడేసి చెరిపేస్తుంటారు. అందుకని హరిచందన తన కాపీలకి కూరగాయల పేర్లు పెట్టుకుంటుంది. బెండకాయ, దోసకాయ, వంకాయ. అలాంటి పేరున్న ఫైలు ఇంకెవరూ ముట్టుకోరు. ఆ శుక్రవారం ఆమె ఆ రేవు పరీక్షని కూడా అలాగే కాపీ చేసుకుని ఆనపకాయ అని పేరు పెట్టి నడిపింది.

మార్కులు ధడాలున పడిపోయాయి. కోబాన్ కంటే కిందకి.

కార్డు వేడెక్కిందనుకుని చల్లారనిచ్చింది. అసలు పేరుతో నడిపితే మళ్ళీ మార్కులు ఆకాశంలో ఉన్నాయి. ఆనపకాయ అంటే నేల మీద. వంకాయ అని మార్చినా అంతే. అప్పుడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి కళ్ళు చికిలించి చూసింది. అసలు పేరుతో నడిచిన బొమ్మలో దూరంగా ఉన్న అలలు చదునుగా ఉన్నాయి. ఓడల తాళ్ళు సగం లేవు. పొగ నీళ్ళు కలిపిన పాలలా ఉంది. చూసేవాడి కన్ను నిలవని చోటల్లా బొమ్మని పలచన చేసేశారు. అంటే డ్రైవర్ ముందు పేరు చూస్తోంది. పరీక్ష అని తెలిస్తే తక్కువ గీసి ఎక్కువ మార్కులు కొట్టేస్తోంది. వేరే పేరుంటే మామూలు పని మామూలుగా చేస్తోంది. హరిచందనకి ముందు నమ్మకం కలగలేదు, తర్వాత ఒళ్ళు మండిపోయింది.

టీమ్ లీడ్ త్రినాథరావు దగ్గరికి వెళ్ళి చూపించింది. ఆయన తండ్రి పోర్టులో ఉద్యోగానికని అమలాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. త్రినాథరావు గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. తెర వంక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరైనా పరీక్షకి ఆనపకాయ అని పేరు పెడతారా అమ్మా, నువ్వు తప్ప?"

"పెట్టాను కాబట్టే తెలిసింది కదా సార్."

"కోబాన్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారనుకుంటున్నావేంటి? అందరూ చేసేదే ఇది. మన పని డ్రైవర్ పడిపోతుందా లేదా చూడటం. పడిపోవట్లేదుగా. ఈ పని సవ్యంగా దాటితేనే వాళ్ళు మనకి మళ్ళీ కాంట్రాక్ట్ ఇస్తారు. ఈ ఫ్లోర్‌లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు."

"కింద నా పేరు ఉండాలి కదా సార్."

"ఆదివారం నెమ్మదిగా ఆలోచించుకో. సోమవారం వెలోరా వాళ్ళతో కాల్ ఉంది" అన్నాడాయన. బెదిరించినా బాగుండేదేమో, బతిమాలినట్టు అనేసరికి ఆమెకి ఇంకా కష్టమైపోయింది.

ఆదివారం పొద్దున్నే తల్లి దగ్గరికి వెళ్ళింది. చిట్టెమ్మ బుట్టలో వంకాయలు సర్దుతోంది. మచ్చలున్నవి కిందకి, నిగనిగలాడేవి పైకి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఆ రోజు మాత్రం హరిచందన అడిగింది.

"అమ్మా, పుచ్చువి కిందెట్టడం తప్పు కాదేటి?"

చిట్టెమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఏటి తప్పు? అందరూ అలగే ఎడతారు. నానొక్కర్తినీ పుచ్చువి పైనెట్టుకు కూకుంటే ఎవుడు కొంటాడే? పొద్దున్నే ఏటీ పరీచ్చలు నాకు? సరదాగా వచ్చినావు, కూకోని ఈ కరివేపాకు కట్టలు కట్టు."

కట్టలు కడుతూ హరిచందన ఆ మాటనే పట్టుకుంది. అందరూ అలాగే. త్రినాథరావు సార్ అన్నదీ అదే. కోబాన్ కూడా ఇదే పని చేస్తూంటే ఇంక తన బాధేమిటి? ఇద్దరూ దొంగలైతే పందెం సమానమే కదా. ఈ ఆలోచన వచ్చేసరికి ఆమెకి కాస్త ఊపిరాడినట్టైంది. కోబాన్ కూడా దొంగదైతే బాగుండు అని మనసులో దండం పెట్టుకుందంటే నమ్మండి. బస్సెక్కి నేరుగా పెందుర్తిలో మొగుడి షాపుకి వెళ్ళింది.

నాగవంశీ టీ తెప్పించడానికి బయట నిలబడి కేకేస్తున్నాడు. వెనక్కి వచ్చేసరికి పెళ్ళాం అతని కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏటి సేత్తన్నావే నా సిస్టమ్ మీద?"

"నీ కోబాన్ ఎంత మొనగాడో సూద్దామని బావా."

ఆఫీసు గుట్టు ఇంట్లో చెప్పనని ఆమె సంతకం పెట్టి ఉంది. కోబాన్ గుట్టు చూడకూడదని ఎక్కడా పెట్టలేదు. రేవు పరీక్షని అసలు పేరుతో నడిపింది. మంచి మార్కులే వచ్చాయి. కాపీ చేసి ఆనపకాయ అని పేరు పెట్టి మళ్ళీ నడిపింది.

కోబాన్ కూడా బోర్లాపడింది. వెలోరా అంత కాకపోయినా, గట్టిగానే పడింది.

హరిచందన పకపకా నవ్వేసింది. ఎన్నాళ్ళ వెక్కిరింతలకో ఒక్కసారే బదులు తీరింది, పైగా రేపు నిశ్చింతగా పేరు పెట్టేయొచ్చు. "సూసేవా బావా మీవోడి బడాయి" అంటూ కుర్చీ తిప్పింది. తిప్పి అతని మొహం చూసింది.

నాగవంశీ ఆమె వంక చూడటం లేదు. ముందుకి వంగి, ఆనపకాయ చెరిపేసి తన పేరు కొట్టి నడిపాడు. అంతే వచ్చింది.

"గోపాలపట్నంలో మిక్సింగ్ సేసీ కుర్రోళ్ళందరికీ నానే సెప్పి కొనిపించేను. ఆళ్ళకి ఈ మార్కులే సూపించేను" అన్నాడు. గొంతులో కోపం లేదు. తను మోసపోయినందుకు కాక, తన మాట నమ్మినవాళ్ళ కోసం కుమిలిపోతున్నాడని ఆమెకి అర్థమైంది. నవ్వు ఎక్కడిదక్కడే చచ్చిపోయింది.

"సరే, దీని సంగతి తేలిపోనాది. మీదే కొంటాను" అన్నాడు. "ఓకేయేనా?"

ఓకే అంటే అబద్ధం. కాదంటే గుట్టు రట్టు. హరిచందన తల వంచుకుని మీటల వంక చూస్తూ కూర్చుంది. నాగవంశీ తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఆనపకాయ అనే పేరు ఆమెకి ఊరికే తోచలేదని అతనికి తెలిసిపోయింది.

"పోన్లే. టీ సల్లారిపోతంది, తాగు" అన్నాడు.

దొరికితే వారం రోజులు ఏడిపించే మనిషి, ఇంత దొరికినా ఒక్క మాట అనకుండా వదిలేశాడు. ఆ జాలికి హరిచందన లోపల ముక్కలైపోయింది. రేపు తను పాస్ అని పెడితే, ఆ మార్కులు చూసి కొనుక్కునే వాళ్ళందరి మొహాలూ ఇలాగే ఉంటాయి కదా అనిపించింది. కోబాన్ దొంగైనంత మాత్రాన ఆ మొహాల్లో ఒక్కటీ తగ్గదు.

సోమవారం ఆమె ఫెయిల్ అని పెట్టింది. కారణం కింద ఒక్కటే ముక్క రాసింది: ఆనపకాయ అని పేరు మార్చి నడిపి చూడండి. కాల్‌లో అవతలి నుంచి ఎవరో ఆనపకాయ అంటే ఏమిటని అడిగారు. మా అమ్మ అమ్మే కూరగాయ అని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఇది తెలిసే చేశామనీ, దీన్ని లోపంగా లెక్కించక్కర్లేదనీ చెప్పి మూసేశారు. హరిచందన పేరు తీసి, త్రినాథరావు తన పేరు కింద పాస్ పెట్టాడు. పెడుతున్నప్పుడు ఆయన చెయ్యి కొంచెం ఆగిందని చెప్పుకోవడమే గానీ, పెట్టడమైతే పెట్టాడు.

డ్రైవర్ బయటికి వెళ్ళింది. మార్కులు మోగిపోయాయి. ద్వారకానగర్ కుర్రాళ్ళు కేకులు కోసుకున్నారు. కాంట్రాక్ట్ కూడా మళ్ళీ వచ్చింది. హరిచందనని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పాత కార్డుల బల్లకి మాత్రం మార్చారు. అంగట్లో అమ్మకం ఆగిపోయి, ఇంకా ఎక్కడెక్కడో జనం వాడుకుంటున్న కార్డులవి. కొత్త ప్రోగ్రాములతో అవి పడిపోకుండా చూస్తూ ఉండాలి. వాటికి మార్కులూ లేవు, పోటీ లేదు, ఎవడూ పట్టించుకోడు.

"అక్కడ ఏసీ బాగుంటుందమ్మా" అన్నాడు త్రినాథరావు, మొహం చూడకుండా. హనుమంతవాక దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆమె మొండిదే గానీ రాయి కాదు.

వానలు పట్టాక ఒక శనివారం మధ్యాహ్నం షాపుకి వెళ్తే, నాగవంశీ కంప్యూటర్ డొక్క విప్పి పెట్టుకున్నాడు. కోబాన్ కార్డు బల్ల మీద పడి ఉంది. అతని చేతిలో ఎవరో వాడేసిన పాత వెలోరా కార్డు.

"ఇది ఇప్పుడు నువ్వు సూసీదేనా?"

"ఆఁ. నాదే."

"ఓకేనా?"

ఈసారి ఆమె తడుముకోలేదు. "ఓకే బావా. కానీ ఏగం అంత ఉండదు. ఎప్పుడైనా పడిపోద్ది కూడాను."

"ఏగం నానడిగేనేటి?" అని దాన్ని బిగించేశాడు.

సాయంత్రం ఒక పెళ్ళి వీడియో ఎక్కించారు. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు, బాజాలు ఊపందుకున్నాయి, తాళి చేతిలోకి తీసుకున్నాడు. తెర నల్లబడిపోయింది. ఒక్క క్షణం తర్వాత, డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ మొదలైందని చిన్న అక్షరాలతో మూల నుంచి ఒక మాట పైకొచ్చింది.

"సెప్పేనా లేదా, సెప్పేనా లేదా" అంటూ నాగవంశీ తొడ చరిచాడు. ఎండలప్పటి నుంచి అతని నోట ఆ వెక్కిరింత రాలేదు. హరిచందనకి అది విని గుండె నిండిపోయింది. పడిపోయింది, నిజమే. పడిపోయానని చెప్పింది కూడా.

"కదపకు బావా. ఇంతకు ముందు ఏటి నొక్కేవో ఒక్కొక్కటీ సెప్పు" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

అతను చెబుతుంటే లోపం సంగతి అంతా వివరంగా రాసి, అడుగున తన పేరు పూర్తిగా రాసి ఆఫీసుకి పంపింది.