తీపి టానిక్కు

నా చిన్నప్పుడు తిరువూరులోని మా ఇంట్లో వారానికొక పొద్దున అందరూ ఒక గాజుగొట్టం వైపు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. మా తాతయ్యకు షుగరు. ఇప్పట్లా వేలు గుచ్చి చూసుకునే మిషన్లు డెబ్భైల్లో మాకెక్కడివి? పక్కింటి కాంపౌండరు మామయ్య వచ్చి, గొట్టంలో నీలం మందు పోసి, తాతయ్య మూత్రం ఎనిమిది చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచేవాడు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉన్నట్టు. ఇటుక రంగుకు తిరిగిందా, ఆ రోజు ఇంట్లో రణమే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక వేసవిలో, మూడు వారాలు వరసగా ఇటుక రంగే వచ్చింది. తోటలో ముల్లు గుచ్చుకున్న తాతయ్య కాలివేలు పుండుపడి మానటం లేదు. చక్కెర దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని బెజవాడ డాక్టరు చెప్పి, మళ్ళీ రమ్మని పంపాడు.

రెడ్డిగూడెం దారిలో మాకు మామిడితోట ఉండేది. తోట ఉన్న ఇంట్లో షుగరు పెరిగితే దొంగ ఎవరో వెతకాలా! పళ్ళు తింటున్నాడనే అన్నారు అందరూ. కాయలు గడ్డిలో మాగేసిన గదికి మా నాయనమ్మ తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. అంతటితో ఆగిందా? తాతయ్య తోట నుంచి రాగానే ఎదురెళ్ళి మీసం వాసన చూసేది. పాతికమంది కూలీల చేత పనిచేయించే మనిషి గుమ్మంలో మొహం ఎత్తి నిలబడేవాడు. "నేను తినలేదే" అనేవాడు. "మీ ఒళ్ళే చెబుతోందిగా" అనేది నాయనమ్మ. కొన్నాళ్ళకు ఆయన ఆ మాట అనటం కూడా మానేశాడు.

నాకు మాత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆ వేసవి మొదట్లోనే, తాతయ్య చిక్కిపోతున్నాడని, విస్సన్నపేటలో ఉండే మా అత్తయ్య బలానికని ఒక టానిక్కు తెచ్చిచ్చింది. రెండుపూటలా రెండు చెంచాలు పోసివ్వటం నా పని. మందు తియ్యగా ఉంటే తప్పేమిటనుకున్నాడు కాబోలు, తాతయ్య గుటుక్కున మింగేసేవాడు. పోశాక చెంచా నాకేదాన్ని. నాకటం ఏమిట్లెండి, దాపరికం దేనికి, ఒక చెంచా నేనూ తాగేదాన్ని. అచ్చం బెల్లంపాకం! మందన్నాక మంచే చేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మరుక్షణం తాతయ్య కాలికట్టు కనపడేది. ఉయ్యాల ఎక్కేదాన్ని, దిగేదాన్ని, పెరట్లోకి పోయేదాన్ని, వచ్చేదాన్ని. చెబితే నా దొంగతనం బయటపడుతుంది. చెప్పకపోతే తాతయ్య వేలు పోతుంది. "ఏంటే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరగటం?" అని నాయనమ్మ కసిరేది. అన్నం కూడా సయించేది కాదు.

బెజవాడ వెళ్ళాల్సిన ముందురోజు పొద్దున నాయనమ్మ సంచిలో బట్టలు సర్దుతుంటే ఇక నా వల్ల కాలేదు. పక్కింటికి పరిగెత్తాను. కాంపౌండరు మామయ్య సూదులు మరిగిస్తున్నాడు. "మామయ్యా, తాతయ్య టానిక్కు తియ్యగా ఉంటుంది" అనేసి ఏడుపు లంకించుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నీకెలా తెలుసని అడుగుతాడేమోనని గుమ్మం వైపు జరిగాను. అడగలేదు. పొయ్యి మీద గిన్నె దించి, గాజుగొట్టం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

వసారాలో అందరి ముందూ నీలం మందులో ఈసారి టానిక్కు చుక్కలు వేసి కాచాడు. చూస్తుండగానే ఇటుక రంగు! "నిన్న కట్టు కట్టటానికి వచ్చినప్పుడు వేలితో రుచి చూశానండి, అప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడాయన, నా వైపు చూడకుండా. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. "బలం మందైనా సరే, డాక్టరుగారిని అడక్కుండా పొయ్యొచ్చా అమ్మా?" అని నాయనమ్మను మెల్లిగా మందలించాడు.

క్షమించమనటం నాయనమ్మకు చేతకాదు. బొడ్లోంచి తాళంచెవి తీసి తాతయ్య చేతిలో పెట్టబోయింది. ఆయన తీసుకోలేదు. "నువ్వు మీసం వాసన చూసినప్పుడల్లా ఏడుపొచ్చేదే నాకు" అన్నాడు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు టానిక్కు మాన్పించి, మాత్రలు మార్చాడు. రంగు వారం వారం దిగుతూ ఆకుపచ్చకు వచ్చింది. వేలు దక్కింది, గోరు మాత్రం మళ్ళీ రాలేదు. ఆ టానిక్కు నేనూ తాగానని తాతయ్యకు ఎప్పటికీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు నాకూ షుగరే. మనవరాలు విటమిన్ల డబ్బాలు, బలం పొడులు తెచ్చి వరసగా పెడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకుని వెనకున్న చిన్నచిన్న అక్షరాలన్నీ చదివి, డాక్టర్ని అడిగాకే మూత తీస్తాను. ముసలిదాని చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కానీ ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఆ ఒక్క జాగ్రత్తే కాదు. ఇంట్లో ఎవరైనా "నేను తినలేదు" అంటే వాళ్ళ మొహం వాసన చూడను. నా చేతి చెంచాలో ఏముందో ముందు చూసుకుంటాను.